కోయని పేజీలు

నా చిన్నప్పుడు నేను నవలలన్నీ పైకే చదివేదాన్ని. ఆ చదువు నాకోసం కాదు, మా తాతయ్య కోసం. నీటికాసుల జబ్బుతో ఆయనకు రెండు కళ్ళూ పోయాయి. ఒక వారపత్రికలో కొత్త నవలల మీద రాసే పేజీ మాత్రం ఆయన చేతిలోనే ఉండిపోయింది. చూపు లేదన్న సంగతి ఆ పత్రిక సంపాదకుడికి తెలుసు, పాఠకులకు తెలియదు. నాకప్పుడు పదకొండేళ్ళు. బడి నుంచి వచ్చి, మొహం కడుక్కుని, ఆయన పడక కుర్చీ పక్కన పీట వేసుకుని కూర్చుంటే దీపాలు పెట్టేవేళ దాకా చదవాలి. తోటి పిల్లలు కింద సందులో తొక్కుడుబిళ్ళ ఆడుకుంటుంటే, ఎవరో ఇద్దరు ప్రేమించుకుని విడిపోవడాన్ని నేను గొంతు నొప్పి పుట్టేలా చదివేదాన్ని. నవలలు రాసేవాళ్ళందరి మీదా నాకు ఒళ్ళుమంటగా ఉండేది.

మేముండేది చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో, ఒక మేడమీది వాటాలో. రాష్ట్రం ఏర్పడిన కొత్తలో తాతయ్య గుంటూరు వైపు నుంచి వచ్చి, నారాయణగూడలో ఒక కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఆయన పని తీరు ఇంట్లో అందరికీ తెలుసు. అప్పట్లో రచయితలు సొంతంగా అచ్చు వేయించుకున్న పుస్తకాలకు అంచులు సరిగా కోసేవారు కాదు. కాగితాలు పైన మడత దగ్గర ఒకదానికొకటి అతుక్కునే వచ్చేవి. సందులో వెదురు బద్ద పెట్టి వాటిని కోసుకుంటూ చదవాలి. ఆ కోసే పని నాదే. వింటూ వింటూ ఏదైనా నచ్చితే తాతయ్య "గీత" అనేవారు, నేను పెన్సిలుతో పక్కన ఒక గీత గీసేదాన్ని. నచ్చకపోతే "రెండు" అనేవారు, రెండు గీతలు గీసేదాన్ని. పుస్తకం అయిపోయాక గీతలున్న చోట్లన్నీ మళ్ళీ చదివించుకుని, కళ్ళు మూసుకుని సమీక్ష చెప్పేవారు. ఆ కళ్ళు మూసినా తెరిచినా ఒకటే, అయినా మూసుకునే చెప్పేవారు. రాసేదాన్ని నేనే. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని ప్రెస్సువాళ్ళు మెచ్చుకున్నారని తెలిసి నేను నాలుగు రోజులు నేల మీద నడవలేదు.

నవలల మీద ఆయన అభిప్రాయాలు చాలామందికి మింగుడుపడేవి కావు. వాన పడిందంటే చాలు, "ఇప్పుడెవరో ఏడుస్తారు చూడు" అనేవారు, నిజంగానే తర్వాతి పేజీలో ఎవరో ఏడ్చేవారు. పేరున్న ఒకాయన నవల ముప్పై అధ్యాయాలు విని, "ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఒక్కరూ అన్నం తినలేదేమిటే, అందరూ ఉపవాసమా?" అని అడిగారు. అదే మాట సమీక్షలో రాయించారు. పాత్ర చచ్చిపోతే రచయిత గొంతెత్తి ఏడవకూడదనేవారు. అన్నిటికన్నా, అసలు చోటుకు రాగానే తలుపు వేసేసే నవలలంటే ఆయనకు పడేది కాదు. పెళ్ళో, చావో, మోసమో, దేనికోసం మనం అన్ని పేజీలు నడిచి వచ్చామో దాన్ని చూపించకుండా "ఆరు నెలలు గడిచాయి" అని రాసేవాళ్ళను పిరికివాళ్ళనేవారు. ఆయన తిట్లలో అదే పెద్దది. పెద్దయ్యాక నేనూ నలభై ఏళ్ళు ఇదే పని చేశాను. నా నోరూ మంచిది కాదనే పేరుంది. అది ఆ పీట మీద కూర్చుని నేర్చుకున్న నోరు.

నేను చెప్పబోయే సంగతి జరగడానికి ముందు వానాకాలంలో మా తమ్ముడు పోయాడు. మూడేళ్ళవాడు. మెదడువాపు జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో అయిపోయింది. ఆ తర్వాత మా ఇంట్లో జ్వరం అనే మాట ఎవరూ పలకలేదు. నాకు ఒళ్ళు కాలిపోతున్నా "నలతగా ఉంది" అనేవారు. అమ్మ వాడి పేరెత్తలేదు, ఏడవనూ లేదు. వాడి వెండి గ్లాసు, చొక్కాలు ఎక్కడ పెట్టేసిందో, ఒకరోజు చూస్తే లేవు. నేను తాతయ్యకు చదివేటప్పుడు వంటింటి గుమ్మంలో చేట ముందేసుకుని బియ్యం ఏరుతూ కూర్చునేది. రాళ్ళు లేని బియ్యం కూడా ఏరుతూనే ఉండేది. వింటోందో లేదో మాకు తెలిసేది కాదు, తాతయ్యకైతే అక్కడ ఆవిడ ఉందన్న ధ్యాసే ఉండేది కాదు.

అప్పుడు పోస్టులో ఒక నవల వచ్చింది. పల్చటి అట్ట, మసక అచ్చు, మేమెన్నడూ వినని పేరు. లోపల ఒక ఉత్తరం ఉంది. రాసినావిడ అశోక్ నగర్‌లో ఉంటుంది, నారాయణగూడలో చిన్నపిల్లల బడిలో టీచరు, ఇది ఆవిడ మొదటి నవల. నవల అంటే ఏమిటో తాతయ్య పేజీ చదివే నేర్చుకున్నానని, ఒక్క ముక్క రాసినా చాలని, అది తిట్టయినా ఫరవాలేదని రాసింది. "తిట్టినా ఫరవాలేదనేవాళ్ళకే ముందు కోపం వస్తుంది" అని తాతయ్య నవ్వారు.

అది పాలమూరు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన ఒక ఆడమనిషి కథ. దోమలగూడ పక్కన బస్తీలో ఉంటూ, అశోక్ నగర్‌లో లేస్తున్న మేడలకు తట్టలు మోస్తుంది. మొగుడు లేడు, రెండేళ్ళ కొడుకున్నాడు. ఆ మనుషులు మాట్లాడే మాటలన్నీ వాళ్ళు ఎలా మాట్లాడతారో అలాగే ఉన్నాయి. నాకవి కొట్టినపిండి, బడిలో నా పక్కన కూర్చునేవాళ్ళ మాటలే. "ఏందే, గిట్ల జేస్తవేందే" అని నేను చదువుతుంటే తాతయ్య పొట్ట పట్టుకుని నవ్వారు. బాగుందని నవ్వుతున్నారనుకుని ఇంకాస్త సాగదీసి చదివాను. పది పేజీలయ్యాక ఆయన నవ్వడం మానేసి, "పాపం టీచరమ్మ! నాలుగు మాటలు ఏరుకొచ్చి నవలనుకుంది" అన్నారు. ఆ తర్వాత గీతలు తక్కువ పడ్డాయి. రెండు గీతలూ తక్కువే పడ్డాయి. ఆయన వినడం సగం మానేశారని నాకు తెలుస్తూనే ఉంది.

పన్నెండో అధ్యాయం మొదటి పేజీలో ఆ పిల్లవాడికి జ్వరం వచ్చింది. ఆ మాట దగ్గర నా నోరు ఆగింది. గుమ్మంలో చేట చప్పుడు కూడా ఆగింది. "ఊఁ" అన్నారు తాతయ్య. నేను "నలతగా ఉంది" అని మార్చి చదివాను. పేజీ చివరికి వచ్చాను. ఆ అధ్యాయంలో మిగిలిన కాగితాలన్నీ అతుక్కుని ఉన్నాయి. వెదురు బద్ద చేతిలోకి తీసుకున్నాను కానీ కోయలేదు. కాగితాలను కొంచెం ఎడం చేసి సందులోంచి లోపలికి చూశాను. మూడు వరుసలు కనిపించాయి. ఆ పిల్లవాడు ఇక లేవడని తెలియడానికి ఆ మూడు వరుసలు చాలు. బద్ద కింద పెట్టేసి, అతుక్కున్న కాగితాలన్నిటినీ ఒక్కసారే తిప్పేసి, పదమూడో అధ్యాయం మొదలుపెట్టాను. అందులో ఆ తల్లి తన కొడుకు ఉయ్యాల గుడ్డను చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుని తట్ట ఎత్తుకుంటోంది.

"ఆగాగు, పిల్లవాడేమయ్యాడు?" అన్నారు తాతయ్య.

"అధ్యాయం మారింది తాతయ్యా."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. పోయాడన్నమాట, పోయినట్టు చెప్పను కూడా చెప్పలేదన్నమాట, అని తనలో తను అనుకున్నారు. తర్వాత "రెండు" అన్నారు. నేను పదమూడో అధ్యాయం తలమీద రెండు గీతలు గీశాను. అప్పుడే చెప్పి ఉండొచ్చు. కానీ గుమ్మంలో చేట చప్పుడు మళ్ళీ మొదలైంది. అది విని నా ప్రాణం కుదుటపడింది. నేనేదో మంచిపని చేశాననే అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత సమీక్ష చెప్పారు. నవల మొదట్లో కొంత పరిశీలన ఉందన్నారు. బస్తీ మాటలు పోగుచేయడం వేరు, నవల రాయడం వేరన్నారు. ఆ తర్వాత అసలు దెబ్బ వేశారు. ఒక తల్లి కథ చెబుతూ, బిడ్డ చావు దగ్గరికి తీసుకొచ్చి, అక్కడ మన మొహం మీద తలుపు వేసి, అవతల అధ్యాయంలో ఉయ్యాల గుడ్డ చూపించి కన్నీళ్ళు పెట్టుకోమంటుంది ఈ రచయిత్రి, చావును చూడలేని చెయ్యి చావును రాయకూడదు, ఇది పిరికి నవల, అన్నారు. పిరికి అనే మాట దగ్గర నా పెన్ను ఆగింది. "రాశావా?" అన్నారు. "రాశాను" అన్నాను. నా గుండ్రటి అక్షరాలతో, తుడుపులు లేకుండా రాశాను. ఆ వారం పత్రిక వచ్చాక ఇద్దరు ముగ్గురు పనిగట్టుకుని ఇంటికొచ్చి, ఉయ్యాల గుడ్డ మాట అదిరిందని తాతయ్యను పొగిడి కాఫీ తాగి వెళ్ళారు.

పై వారం ఆదివారం మధ్యాహ్నం ఆ టీచరు మా ఇంటికి వచ్చింది. నేనే తలుపు తీశాను. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, నేత చీర, చేతిలో గొడుగు. "సార్ ఉన్నరా బిడ్డా?" అంది. లోపలికి వచ్చింది. తాతయ్య "ఎవరమ్మా?" అంటూ ఆవిడ నిలబడ్డవైపు కాక కిటికీవైపు మొహం తిప్పారు. ఆయనకు చూపు లేదని అప్పుడే గ్రహించి, ఆవిడ కుర్చీ దగ్గరికి వచ్చింది. తర్వాత తనెవరో చెప్పింది. అంతకుముందు కూడా ఒకరిద్దరు రచయితలు వచ్చి పోట్లాడి వెళ్ళినవాళ్ళే కాబట్టి తాతయ్య నిటారుగా కూర్చున్నారు.

"లొల్లి పెట్టుకునేతందుకు రాలేదు సార్" అంది ఆవిడ. "మీరు రాసింది చదివినంక నాకు ఒక్కటే అనుమానం. మీకు పంపిన కాపీల ఒక ఫారం, పదహారు పేజీల కట్ట, పడలేదేమో. బైండింగుల ఒక్కోసారి గట్ల అయితది. పన్నెండో అధ్యాయం మీకు ముట్టనే లేదనుకుంటున్న. జర ఆ పుస్తకం చూపిస్తరా?"

ఆవిడ మొహంలో కోపం లేదు. ఆశ ఉంది. తప్పు బైండింగుదైతే ఆవిడ నవల ఇంకా బతికే ఉన్నట్టు. ఇన్నేళ్ళలో నేను ఎన్నో మొహాలు మరిచిపోయాను కానీ ఆవిడ మొహంలోని ఆ ఆశను మరవలేదు.

"పుస్తకం పట్రా తల్లీ" అన్నారు తాతయ్య. నేను లోపలి గదిలోకి వెళ్ళాను. బీరువాలోంచి పుస్తకం తీసి, అతుక్కున్న కాగితాల దగ్గర తెరిచాను. పద్నాలుగు పేజీలు. ఒక్కటిగా అతుక్కుని ఉన్నాయి కాబట్టి ఒక్క లాగు లాగితే మొత్తం ఊడివస్తాయి. పరుపు కింద దాచేస్తే అయిపోతుంది. ఆవిడకు కావలసిందీ అదే, తాతయ్య పరువూ నిలబడుతుంది, బైండరెవరో ముక్కూ మొహం తెలియని మనిషి. వేళ్ళతో పట్టుకున్నాను కూడా. తల ఎత్తితే వంటింట్లోంచి అమ్మ నన్నే చూస్తోంది. నాకు చేతులు రాలేదు. పుస్తకం ఉన్నదున్నట్టు తెచ్చి ఆవిడకిచ్చాను.

ఆవిడ నిలబడే పేజీలు తిప్పింది. నా పెన్సిలు గీతలు ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళింది. ఒంటి గీత కనబడ్డచోట ఆగి చదివి మళ్ళీ తిప్పింది. పన్నెండో అధ్యాయం దగ్గరకు వచ్చింది. అతుక్కున్న కాగితాల మధ్య వేలు పెట్టి చూసింది.

"కోయలే సార్" అంది.

"ఏమిటమ్మా?"

"పేజీలున్నయి. అన్నీ ఉన్నయి. ఎవ్వరు కోయలే."

అప్పుడు నావైపు చూసింది. చదివేది ఎవరో, వదిలేసింది ఎవరో ఆవిడకు అర్థమైపోయింది. నేను నేలచూపులు చూస్తున్నాను. ఒక్క మాట అంటే చాలు, అక్కడే నా పని అయిపోయేది. ఆవిడ అనలేదు. పుస్తకం తాతయ్య చేతిలో పెట్టి, ఆయన వేలు పట్టుకుని ఆ పై అంచు మీద ఉంచింది. తాతయ్య వేలు ఆ మడత మీద ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. "పోయొస్త సార్" అని చెప్పి ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

వీపు మీద దెబ్బలు పడతాయని నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. తాతయ్య "బద్ద ఇలా ఇవ్వు" అన్నారు. తనే తడుముకుంటూ ఆ కాగితాలు కోశారు. రెండుచోట్ల కాగితం వంకరగా చిరిగింది. పుస్తకం నా ముందుకు జరిపి "చదువు" అన్నారు.

"నేను చదవలేను తాతయ్యా."

"ఎందుకని?"

"అమ్మ వింటుంది."

తాతయ్య మొహం మెల్లగా వంటింటివైపు తిప్పారు. ఇన్ని నెలలుగా తనతోపాటు ఇంకొకరు వింటున్నారని ఆయనకు తట్టింది అప్పుడే అనుకుంటాను. అమ్మ చేట పక్కన పెట్టి లేచి వచ్చింది. నా పక్కన నేల మీద కూర్చుంది. మామగారి ముందు ఆవిడ కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. "చదువు. వింటాను" అంది.

చదివాను. ఆ అధ్యాయమంతా ఒక్కరోజు. అశోక్ నగర్‌లో ఒక మేడకు స్లాబు వేసే రోజు. స్లాబు మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు, ఆపితే అతుకు పడుతుంది. పిల్లవాణ్ణి ఇటుకల దొంతర నీడలో గోనెపట్టా మీద పడుకోబెట్టి ఆ తల్లి తట్టల వరుసలో నిలబడుతుంది. కింది మనిషి చేతిలోంచి తట్ట అందుకోవాలి, పై మనిషికి అందించాలి. అందుకునేటప్పుడు కిందికి వంగితే పిల్లవాడు కనిపిస్తాడు. అందించేటప్పుడు కనిపించడు. మేస్త్రిని అడుగుతుంది, "జర చూసొస్తనన్నా" అని. "గీ పది తట్టలైనంక పో" అంటాడతను. చెడ్డవాడేం కాదు. పది అయ్యాక ఇంకో పది. వంగినప్పుడల్లా ఆవిడకు ఏదో ఒకటి కనిపిస్తుంది. చెయ్యి కదిలింది. నోరు తెరుచుకుంది. ఒకసారి వంగినప్పుడు పిల్లవాడి పెదవి మీద ఈగ వాలి ఉంటుంది, వాడు తోలుకోడు. ఆవిడకు తెలిసిపోతుంది. పై మనిషి చేతులు చాపి ఉన్నాయి. తట్ట అందిస్తుంది. స్లాబు అయ్యేదాకా అందిస్తూనే ఉంటుంది. దిగి వచ్చి వాడి కాళ్ళు పట్టుకుని, కాళ్ళు ముందు చల్లబడ్డాయి, పొట్ట ఇంకా వెచ్చగానే ఉంది, అని పక్కనున్న ఆమెకు చెబుతుంది. అంతే. రచయిత్రి ఎక్కడా ఏడవలేదు.

నేను ఆపాను. తాతయ్య గీత అనలేదు, రెండనలేదు. అమ్మ నా చేతిలో పుస్తకంకేసి చూస్తూ, "మనవాడికీ కాళ్ళే ముందు చల్లబడ్డాయి" అంది. వాడు పోయాక వాడి గురించి మా అమ్మ అన్న మొదటి మాట అది. తర్వాత ఆవిడ ఏడ్చిన ఏడుపు గురించి నేను రాయను. తాతయ్య నేర్పిన పాఠం ఆ మాత్రం నాకు వచ్చు. తాతయ్య కూడా ఏడ్చారు, చూపులేని కళ్ళకు నీళ్ళు మాత్రం ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది.

ఆ సాయంత్రమే ఇంకో సమీక్ష చెప్పారు. నాకు చూపు లేదు, అని మొదలుపెట్టారు. పన్నెండో అధ్యాయం చదవకుండా ఈ నవలను పిరికిదన్నాను, పిరికితనం నవలలో లేదు, అన్నారు. ఎందుకు చదవలేదన్నది పాఠకులకు అనవసరం, తప్పు నాది, అన్నారు. నా ఊసు ఎక్కడా రానివ్వలేదు. ఆ కాగితాలు పత్రికకు పంపేముందు ఆవిడకు చదివి వినిపించాలన్నారు. మర్నాడు నా భుజం మీద చెయ్యి వేసుకుని చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్ దాకా నడిచారు. చూపు పోయాక ఆయన అంత దూరం నడవడం అదే మొదటిసారి.

టీచరుది ఒక ఇంటి వెనక ఒంటిగది. దిద్దాల్సిన పిల్లల నోటుపుస్తకాలు మంచం మీద దొంతరగా ఉన్నాయి. మాకు కుర్చీ, స్టూలు వేసి, తను నిలబడే వింది. నేను చదవడం అయ్యాక కాగితాలు తీసుకుని ఒకసారి తనే చూసుకుంది.

"మంచిగ రాసిన్రు సార్. గిది ముందుగాల వచ్చుంటే బాగుండు" అంది.

తర్వాత నిదానంగా చెప్పింది. ఇంకో నవల రాస్తూ ఉందట. రెండొందల పేజీల దాకా అయిందట. తాతయ్య సమీక్ష వచ్చిన రోజు పొద్దున్నే ఆ కాగితాలన్నీ నీళ్ళ పొయ్యిలో పెట్టేసిందట. "మీరు పిరికిదన్నరు గద. మీ మాటంటే నాకు గంత నమ్మకం. నాకు చాతకాదు కావచ్చుననుకున్న. రెండు దినాలైనంక మనసు ఆగక నా పుస్తకం నేనే మళ్ళ చదువుకున్న. అప్పుడొచ్చింది అనుమానం. అప్పటికే అయిపోయింది సార్." కోపంగా అనలేదు. పిల్లలకు లెక్క ఎక్కడ తప్పిందో చూపించినట్టు చెప్పింది.

"మళ్ళీ రాయమ్మా" అన్నారు తాతయ్య. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"చెయ్యి వస్తలేదు సార్."

మేం లేచాం. గుమ్మం దగ్గర ఆవిడ నా తలమీద చెయ్యి వేసి, "నువ్వు మంచిగ చదువుతవు బిడ్డా. మా మాటలు మంచిగ పలుకుతవు" అంది. నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

తిరిగి వస్తుంటే నేను ఉండబట్టలేక ఏడ్చేశాను. తప్పు నాది తాతయ్యా, అన్నాను. ఆయన రోడ్డు పక్కన ఆగారు. నా భుజం మీద చెయ్యి తీయకుండానే చెప్పారు.

"నువ్వు పద్నాలుగు పేజీలు వదిలేశావు. ఎందుకు వదిలేశావో నాకు తెలుసు. నా సంగతి విను. నేను మెచ్చే రచయిత నవలలో కథ అలా గెంతి ఉంటే నేనేం చేసేవాణ్ణి? పేజీలేమైనా తప్పాయేమో చూడమని నిన్ను అడిగేవాణ్ణి. రెండుసార్లు చూడమనేవాణ్ణి. ఈవిడ కాబట్టి అడగాలని కూడా నాకు తోచలేదు. ఆ బస్తీ మాటలు వినగానే ఈవిడకు రాయడం రాదని ముందే అనేసుకున్నాను. నువ్వు తప్పు చదివావు కాబట్టి నేను తప్పు రాయలేదమ్మా. అలాగే ఉంటుందని నేను కాచుకుని కూర్చున్నాను."

రెండో సమీక్ష నెల తర్వాత వచ్చింది, పత్రిక చివర్లో, చిన్న అక్షరాల్లో. పొగడటానికి ఈసారి ఎవరూ కాఫీకి రాలేదు. చూపులేని మనిషి సమీక్షలు ఎలా రాస్తాడని పాఠకులు ఉత్తరాలు రాశారు. వేసవి వచ్చేసరికి ఆ పేజీ ఇంకొకరికి వెళ్ళిపోయింది. టీచరు మళ్ళీ నవల రాసినట్టు నేను వినలేదు. నేను రాయడం మొదలుపెట్టాక ఆవిడకోసం వెతికాను. ఆ ఇల్లు లేదు. ఇప్పుడక్కడ ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే పిల్లల హాస్టలుంది.

కొత్త పేరున్న పుస్తకం చదువుతూ ఇక్కడేదో తగ్గిందే అనిపిస్తే, నేను ఇప్పటికీ వెనక్కి వెళ్ళి నేనేం వదిలేశానో చూసుకుంటాను. చాలాసార్లు నేనేమీ వదిలి ఉండను, పుస్తకమే బాగుండదు. అప్పుడు బాగాలేదనే రాస్తాను, మొహమాటపడను. పడితే తాతయ్య ఊరుకోరు. కానీ ఆ నీళ్ళ పొయ్యిలోకి వెళ్ళిన నవల ఉంది చూశారూ, అది ఎలా ఉండేదో నేను ఎన్నటికీ చెప్పలేను. గొప్పదేమో, కాదేమో. నలభై ఏళ్ళలో కొన్ని వందల నవలల మీద తీర్పులు చెప్పినదాన్ని, ఆ ఒక్కదాని గురించి నోరెత్తే అర్హత నాకు లేదు. చదవకుండానే దాన్ని పొయ్యిలోకి తోసిన చేతుల్లో నాదీ ఒకటి.